రాజరత్నం గారి చివరి బొమ్మ

“ఆయనకి కళ్ళజోడు పెట్టలేదేంటండి? ఒక కాడకి ఎరుపు, ఒక కాడకి నీలం రంగేసుకుని తిరిగేవారు,” అన్నాడు ఫిన్నీ, సున్నం చేతులు కాగితాలకి అంటకుండా వెనక్కి పెట్టుకుని.

రెబెక్కా పెన్సిలుతో కళ్ళజోడు గీసింది. మండపేట సమాధుల తోట ప్రహరీ పక్కన కూర్చుని ఆమె తన బొమ్మల పుస్తకం చూపిస్తోంది. పిల్లల కోసం రాస్తున్న రాజరత్నం గారి జీవితకథ అది. ఆయన రైస్‌మిల్లు గోడల మీద, లారీల మీద బొమ్మలు వేసి బతికిన మనిషి. ఆయన తిక్క గురించి ఊళ్ళో కథలకు కొదవ లేదు. బియ్యం బస్తా వెయ్యమంటే బస్తాకి చిల్లు పెట్టి, చుట్టూ పిచ్చుకల్ని వేసి, మిల్లు యజమాని చేత చీవాట్లు తిన్న ఘనుడు. గోడ మీది బొమ్మ ఎలా వచ్చిందో చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి కాలవలో పడ్డాడు. పడ్డవాడు పైకి రాకుండా, నీళ్ళలోంచే “ముక్కు వంకరొచ్చింది” అన్నాడట.

ఫిన్నీ పడీపడీ నవ్వాడు. “మరి ఆఖరి పేజీ ఖాళీగా ఉందేంటండి?”

“అక్కడే ఆగిపోయానండి. చివరి రోజుల్లో ఆయన మనసులో ఏముందో నాకు తెలియాలి. తెలియకుండా ఆ పేజీ వెయ్యలేను.”

“అయితే ఇలా రండి. అసలు తిక్క మీరు వెయ్యనే లేదు.”

ఫిన్నీ ఈ చర్చి కాపలాకి వచ్చి చాలా ఏళ్ళయింది గానీ, పుట్టి పెరిగింది వేరే ఊళ్ళో. సున్నం బకెట్టు పట్టుకుని, తోట చివర ఒక చిన్న సమాధి దగ్గరికి ఆమెను తీసుకెళ్ళాడు.

“కూతురిదండి. తల్లి లేని పిల్లంట. నేను రాకముందే చనిపోయిందంట, ఎలాగో ఎవరూ చెప్పరు. ఆయన పాస్టరు గారిని కూడా పిలవలేదంట. తనే రాయి తెచ్చి, తనే పేరు రాసి, పాతించేశారంట.”

ఆ రాయి సంగతి రెబెక్కా విన్నదే. దాని కింద బొమ్మ ఉందని మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు.

“ఏటా సమాధుల పండక్కి అందరూ సున్నం వేస్తారు కదండీ. ఈయన సున్నం వేసి, దాని మీద కూతురి బొమ్మ వేసేవారు. ఏటికో ఏడు వయసు పెంచేవారు. ఒక ఏడు చంకలో బిడ్డ. ఈమధ్య జుట్టులో ఓ తెల్ల వెంట్రుక. చచ్చిపోయినవాళ్ళకి వయసొస్తుందేంటండీ? అందరూ నవ్వేవారు.”

“ఆయనేమనేవారు?”

“తన పాటికి తను గీసుకుంటూ పోయేవారు. ఎప్పుడూ వీపే వేసేవారండి, అటు తిరిగి వెళ్ళిపోతున్నట్టు. పోయినేడు మాత్రం, చూడండి, ఇటు తిప్పారు.”

బొమ్మలో ఒక ఆడమనిషి భుజాన సంచీతో ఎదురుగా నడిచి వస్తోంది. నుదుటి మీద ఎర్రటి బొట్టు ఉంది.

“ఆ బొట్టు చూసి సంఘ పెద్దలు గొడవ పెట్టుకున్నారండి, మన తోటలో బొట్టేంటని. ‘అది అలాగే ఉంటుంది, అలాగే రానివ్వండి దాన్ని’ అన్నారు రాజరత్నం గారు. ఆ నెలలోనే మంచం పట్టారు. మరి లేవలేదు.”

రెబెక్కా అక్కడే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పుస్తకాలు రాసేవాళ్ళు ఇంత మెత్తని మనుషులని ఫిన్నీ అనుకోలేదు.

“ఫోటో తీసుకోండి మేడమ్ గారూ. రేపే పండగ. దీనికీ సున్నం కొట్టెయ్యమన్నారు పెద్దలు.”

“వద్దండి. కొట్టకండి.”

“నాకూ మనసొప్పట్లేదండి. ఆయన మనుషులెవరైనా వచ్చి వద్దంటేనే ఆపుతామన్నారు. ఆయనకి ఎవరున్నారు చెప్పండి?” ఫిన్నీ బకెట్టు పక్కన పెట్టాడు. “పోనీ, పుస్తకం రాసే ఆవిడ వద్దన్నారని చెప్పి చూస్తాను. మీ పేరేంటండి?”

రెబెక్కా సమాధి మీది పేరు చూపించింది.