పన్నుల శాఖ బాటిల్

"ఇంతకుముందు ఎక్కడ చేశారు?" అనడిగాడు భూముల శాఖ డైరెక్టర్.

ఇంటర్వ్యూకి వచ్చినామెకు ఒళ్ళు మండింది. పన్నుల శాఖ డైరెక్టర్ ఇదే ప్రశ్న అడిగితే ఇప్పుడేగా జవాబు చెప్పింది! ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క కుర్చీ, అందులో చైర్మన్ మేడమ్. అయినా ఒకరు విన్నది రెండోవారికి పనికిరాదు కాబోలు. శాఖల కంప్యూటర్లన్నిటినీ ఒక్క తాటిమీదికి తెచ్చే ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ కావాలని ప్రకటన ఇచ్చింది ఈ ఎడమొహం పెడమొహం మహానుభావులే!

పళ్ళు బిగించి మళ్ళీ మొదలుపెట్టింది. తెరమీద ఆ రెండు శాఖల్నీ కలుపుతూ తను గీసిన బాణం చూపిస్తుండగా భూముల డైరెక్టర్‌కి దగ్గు పట్టుకుంది. నీళ్ళ బాటిల్ పన్నుల డైరెక్టర్ ముందుంది. ఆయన తాపీగా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

'ఛీ, ఏం మనుషులు!' అనుకుని, ఆమె బాటిల్ తీసుకెళ్ళి దగ్గుతున్నాయన ముందు పెట్టింది.

"అది మా శాఖ బాటిల్," అన్నాడు పన్నుల డైరెక్టర్.

"గొంతు మాత్రం మనిషిదే కదండీ."

భూముల డైరెక్టర్ గటగటా తాగేశాడు.

చైర్మన్ మేడమ్ అడిగింది. "ఎప్పుడు చేరతారమ్మా?"

"నా డిజైన్ ఇంకా సగం కూడా చూపించలేదు మేడమ్!"

"బొమ్మలు గీసేవాళ్ళు బోలెడుమంది వచ్చారు. ఈ పక్కనుంచి ఆ పక్కకి ఒక వస్తువు వెళ్ళడం మాత్రం ఇన్నేళ్ళలో ఇదే చూడడం."

ఆమె తెరవైపు చూసింది. ఆ బాణం గీయడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

పన్నుల డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మా బాటిల్ మాకు ఇచ్చేయమనండి."

"తీసుకెళ్ళి ఇవ్వండమ్మా," అంది చైర్మన్ మేడమ్. "మీ ఉద్యోగం మొదలైంది."