పైడమ్మ మీద ఒట్టు

"ఎవరికీ చెప్పనని మీ అమ్మ మీద ఒట్టేసి, చెప్పేశావు కదరా, ద్రోహీ!"

పృథ్వీ గుమ్మంలోనే సాయి కాలరు పట్టుకున్నాడు. భార్య నవ్య బండి తాళాలు దాచేసింది. దాంతో భన్‌పురి నుంచి రైల్వే కాలనీ దాకా ఎండలో నడిచొచ్చాడు. వద్దంటే వినకుండా వెంటబడి వచ్చిన అన్న రవి, అదిగో, వీధిలో నిలబడి చూస్తున్నాడు.

"చచ్చిపోవాలనుందని నీ ఒక్కడికే చెప్పాను. దోస్తువని చెప్పాను! తెల్లారేసరికి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. స్నానానికెళ్తే గడియ వేసుకోనివ్వరు. రేపు శంకర్ నగర్‌లో పిచ్చి డాక్టరు దగ్గరికట. నన్ను పాగల్‌ని చేసి కూర్చోబెట్టావు కదరా!"

"పిచ్చి డాక్టరు కాదు. నేనూ వస్తాను, ఇద్దరం వెళ్దాం," అని గొణిగాడు సాయి.

"నోర్ముయ్!"

చెంప ఛెళ్ళుమంది. సాయి చెయ్యెత్తలేదు. తిరిగి కొట్టినా బాగుండును, ఆ కొట్టకపోవడమే పృథ్వీని ఇంకా మండించింది.

"ఒట్టు తప్పితే ఏమవుతుందో తెలీదా నీకు? మీ అమ్మ పోయినా పర్లేదా?"

సాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఈలోగా అతని తల్లి పైడమ్మ చీపురు చేత్తో పట్టుకునే వచ్చింది.

"ఏటిరా ఈ గోల? పొద్దుట్నుంచి ఈడు డూటీ మానీసి, నన్ను పొయ్యి ముట్టనీడు, గుమ్మం దాటనీడు. ఇప్పుడు నువ్వొచ్చావా?"

పృథ్వీకి కసి తీర్చుకునే దారి దొరికింది. "ఎందుకు దాటనివ్వట్లేదో మీవాడినే అడుగు పిన్నీ! నీ మీద ఒట్టేసి తప్పాడు!"

ఆ చీపురు సాయి వీపు మీద ఎలా విరుగుతుందో చూద్దామని పక్కకి తప్పుకున్నాడు. అది వచ్చి తన వీపు మీదే పడింది.

"ఎదవా! ఒట్టేశానని రాత్రంతా నోరిప్పకుండా ఏడుసుకుంటూ కూకున్నాడ్రా నా కొడుకు! పీక మీద కూకుని ఇసయం లాగాను."

పైడమ్మ చీపురు విసిరేసి, పృథ్వీ తలని గుండెకేసి అదుముకుంది. ఆమె కోపం మాత్రం తగ్గలేదు.

"ఒట్టు తప్పితే నాను పోతాను, తప్పకపోతే నువ్వు పోతావు. నానే పోతాన్లే, మీ ఇంట్లోళ్ళకి సెప్పెయ్యిరా అన్నాను!"