నాలుగిళ్ల నీళ్లు

కుళాయి తిప్పగానే ముందు కంపు వచ్చింది. తర్వాత నీళ్లు వచ్చాయి.

"థూ! దీనికన్నా మురిక్కాలవ నయం," అన్నాడు వినోద్.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో, పైడితల్లి లైన్లో ఏ ఇంటి కుళాయైనా ఇంతే. అన్నం వండితే అన్నానికీ అదే వాసన. ముద్ద నోట్లో పెట్టుకోవాలంటే వాంతి వస్తుంది. వినోద్ కూతురు చరితకు కామెర్లు తిరగబెట్టాయి.

పైపులు మార్చమంటే రైల్వే పైఅధికారులు రుజువు అడిగారు. ఇల్లిల్లూ పరీక్ష చేయించలేరట. నాలుగు సీసాలు చాలట. ఏ నాలుగిళ్లవో తేల్చడానికి ప్రియదర్శిని అనే పరిశోధక విద్యార్థిని వచ్చింది.

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది కదండీ. ఏ మెతుకు పట్టుకోవాలో కంప్యూటర్ చెబుతుంది," అంది.

ఏ ఇంట్లో నీళ్లు ఎంత చెడి ఉండొచ్చో ఆ అంచనాలన్నీ దానికిచ్చింది. అది ముందు దొరికిన జవాబుతో సరిపెట్టుకోలేదు. లైనంతా జల్లెడ పట్టి, ఆ మొత్తం లైనుకు అచ్చుగుద్దినట్టు సరిపోయే నాలుగిళ్లు తేల్చింది. అందులో వినోద్ ఇల్లొకటి.

ఆమె సీసాతో వచ్చేసరికి వినోద్ డ్యూటీలో ఉన్నాడు. వాళ్లమ్మ చిట్టెమ్మ గుమ్మంలోనే కుర్చీ వేసింది.

"పెరడంతా రొచ్చమ్మా. నువ్వు రాకు. నాను అట్టుకొస్తాను."

మురిక్కాలవ కంపు గుమ్మం దాకా కొడుతోంది. ప్రియదర్శిని బతుకు జీవుడా అని చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. సీసా చేతికి రాగానే మూత బిగించి, పెట్టెలో పడేసి లేచింది. మిగతా మూడిళ్లలోనూ ఇదే మర్యాద.

వారం తిరక్కుండా రిపోర్టు వచ్చింది. నాలుగు సీసాల నీళ్లూ శుభ్రం. పైపులు మార్చనక్కర్లేదు.

లైను లైనంతా ఆమె మీద పడింది.

"ఏటమ్మా, నీ కంప్యూటర్‌కి ముక్కు లేదేటి? ఎవలికి అమ్ముడైపోనావు?" అని అరిచాడు వినోద్.

ఆమె తిన్నగా వాళ్ల పెరట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. నల్లటి జిగురు జారింది. దాని వెనకే ఎర్రటి పురుగొకటి మెలికలు తిరుగుతూ పడింది. ఛీ! ఆమె అక్కడే భళ్లున కక్కేసింది.

"మరి ఆ రోజు... నాకిచ్చినవి ఏ నీళ్లమ్మా?"

చిట్టెమ్మ ఆమె వీపు నిమిరింది.

"ఇంటికొచ్చిన ఆడకూతురి సేతికి ఈ రొచ్చెలాగిస్తాం తల్లీ, మా మనవరాలికని కొన్న డబ్బా నీల్లే నాలుగిళ్లోలం పంచుకుని పోసినాం."