తురుపు ఒక్కసారే

“చెయ్యి గుండెల మీంచి తియ్యవోయ్, కేశవరావ్!”

భీమేశ్వరరావు కేకకి బాల్కనీ రెయిలింగు మీది పావురాలు లేచిపోయాయి. ఎదురు ఫ్లాటులో చలికాలపు ఎండకి బట్టలు ఆరేస్తున్న పంజాబీ ఆవిడ మాత్రం ఇటు తిరిగి కూడా చూడలేదు. మయూర్ విహార్‌లో ఆ వరస మొత్తానికి ఆయన గొంతు అలవాటే.

“స్వెటరు బొత్తాం పెట్టుకుంటున్నా గురువుగారూ,” అన్నాడు కేశవరావు, చెయ్యి దించేస్తూ.

“పెట్టుకో, పెట్టుకో. నీ బొత్తాల సంగతి నాకు తెలియదనుకోకు.”

ఆదివారం భోజనాలయ్యాక ఆ ఇంట్లో కోట్‌పీస్ పేకాట పడాల్సిందే. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. భీమేశ్వరరావుకి ఎదురుగా భార్య దుర్గాంబ. కింది అంతస్తులో ఉండే కేశవరావుకి ఎదురుగా అతని భార్య లీలావతి. మొదటి అయిదు ముక్కలూ చూసుకుని ఒకరు తురుపు చెబుతారు. ఇస్పేటైనా ఆఠీనైనా, ఇక ఆ ఆటంతా దానిదే పెత్తనం.

ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. తురుపు ఒక్కసారే చెప్పాలి. మళ్ళీ ఎవరూ అడక్కూడదు, ఎవరూ చెప్పకూడదు. చట్టం చేసింది భీమేశ్వరరావే. ఒక దీపావళినాడు ఆట మధ్యలో “తురుపేవిటండీ?” అని అడిగిన పాపానికి ముక్కలు నేలకేసి కొట్టి, ఇంటినిండా చుట్టాలుండగానే దుర్గాంబని చెడామడా తిట్టాడు. ఆవిడ మళ్ళీ ఏనాడూ అడగలేదు. అలా చెబితేనే ఒంటబడుతుందని ఆయన ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

అలాంటి ఇంట్లో, తన కాఫీ తాగుతూ, తన మూంగ్‌ఫలీ పలుకులు నములుతూ, తన కళ్ళముందే దొంగాటా! ఆయన ఒళ్ళు మండిపోతోంది. కొన్ని వారాలుగా గమనిస్తూనే ఉన్నాడు. బయటపెట్టడానికి అదను చూస్తున్నాడంతే.

అసలు కిందటి ఆదివారమే తేలిపోయింది. కేశవరావు ఏదో పెళ్ళికని జైపూర్ వెళితే, అతని చోట్లో తన కొడుకు రఘురామ్‌ని కూర్చోబెట్టాడు భీమేశ్వరరావు. సైగల్లేవు, సకిలింపుల్లేవు, ఆట పద్ధతిగా సాగింది. కాకపోతే ఆ రోజు దుర్గాంబ తురుపు ముక్క చేతిలో పెట్టుకుని ఉత్త ముక్క పారేసింది. అదీ ఒకసారి కాదు. భీమేశ్వరరావు మండిపడ్డాడు.

“బుర్రుందా నీకు? చెవులున్నాయా?”

“నాన్నా, చిల్! టైంపాస్‌కి ఆడుతున్నాం, ఇదేం కోర్టు కాదు,” అన్నాడు రఘురామ్. “పోనీ ఊనో ఆడదాం. అందులో అమ్మని ఎవరూ కొట్టలేరు.”

అది నిజమే. మనవరాలు అక్షరతో ఊనో ఆడితే దుర్గాంబ పకపకా నవ్వుతూ వరసగా గెలిచేస్తుంది. ఆ ఆటలో ఏ రంగు నడుస్తోందో బల్ల మీదే కనబడుతూ ఉంటుంది. “పిల్లలాటలకి మాత్రం పనికొస్తుంది బుర్ర,” అని భీమేశ్వరరావు ఈసడించాడు.

ఇప్పుడు కేశవరావు చెయ్యి మళ్ళీ మెల్లగా గుండెల మీదికి వెళ్ళింది.

భీమేశ్వరరావు ముక్కలు బల్లకేసి కొట్టాడు. కప్పులో కాఫీ ఒలికింది.

“దొంగ! ఇవాళ తురుపు ఆఠీను. అందుకే గుండె. డైమండైతే ఉంగరం తిప్పుతావు. ఇస్పేటైతే నెత్తి గోక్కుంటావు. కళావరైతే మూడువేళ్ళు బల్ల మీద పెడతావు. కాదను! తురుపేమిటో మీ ఆవిడకి అందిస్తున్నావు. నోటితో చెబితేనేం, చేత్తో చెబితేనేం?”

కేశవరావు గబుక్కున చెయ్యి దించేశాడు.

“అయ్యో అన్నయ్యగారూ, నేనసలు ఆయనకేసి చూడనే లేదు!” అంది లీలావతి.

“చూడకుండానే సైగలు చేస్తాడా? గాలికి చేస్తాడా?”

లీలావతి ఇంకేదో అనబోయింది. కేశవరావు వద్దన్నట్టు తల ఊపి లేచి నిలబడ్డాడు.

“తప్పే గురువుగారూ. నాదే తప్పు. క్షమించండి.”

“ఒప్పుకున్నావుగా! చాలు. తురుపు గుర్తుపెట్టుకోలేని మనిషికి పేకాటెందుకోయ్? ఇంట్లో కూర్చుని కూరలు తరుక్కోమను. మా ఆవిణ్ణి చూడు, మళ్ళీ అడిగిందా ఎప్పుడైనా? ఇన్నేళ్ళ స్నేహమని చూడను. ఇవాళ్టితో సరి. మీరు మా గుమ్మం తొక్కద్దు, మేం మీ గుమ్మం తొక్కం.”

దుర్గాంబ లీలావతికేసి చూసింది. ఆ సొసైటీ ఫ్లాట్లలో ఆవిడ తెలుగులో మనసు విప్పి మాట్లాడుకునేది లీలావతి ఒక్కదానితోనే. ఆ ఒక్క గుమ్మమూ మూసుకుపోతోంది.

“పద లీలా,” అన్నాడు కేశవరావు. గుమ్మం దగ్గర వంగి చెప్పులు వేసుకుంటున్నాడు. లీలావతి కళ్ళు తుడుచుకుంటూ వెనకే నడిచింది.

“ఆగండి అన్నయ్యగారూ,” అంది దుర్గాంబ.

భీమేశ్వరరావు గిర్రున ఆవిడ మీదికి తిరిగాడు. “నువ్వు నోరు మూసుకో! వెనకేసుకు రావద్దు. వాడి సైగలు ఎవరికో నేను కళ్ళారా చూశాను.”

దుర్గాంబ చేతిలో ముక్కలు బల్ల మీద పెట్టేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

“ఆ సైగలు నాకండీ.”