గడప ముందు ముఖం

ఆ శనివారం టెక్సస్‌లో, ఫ్రిస్కోలోని దివాకర్ ఇంట్లో ఐదుగురున్నారు. రెడ్ ఫెదర్స్ క్రికెట్ క్లబ్ ప్రెసిడెంట్ దివాకర్, కెప్టెన్ పవన్, క్లబ్‌కి స్పాన్సరైన బిర్యానీ హోటళ్ళ యజమాని అవినాష్, వంటింట్లో టీ పెడుతున్న దివాకర్ భార్య త్రివేణి, మెట్ల మీద ముడుచుకు కూర్చున్న దేదీప్య.

దేదీప్య దివాకర్ కూతురు. తొమ్మిదో తరగతి దాకా ఊళ్ళో చదివి నిరుడే అమెరికా వచ్చింది. నలుగురిలో నోరు విప్పదు.

కాలింగ్ బెల్ మోగింది.

వీధిలో కార్లు అడ్డం పెట్టారని ఎవరో గొడవకొచ్చి ఉంటారనుకుంటూ దివాకర్ తలుపు తీశాడు. డెబ్బై దాటిన నేటివ్ అమెరికన్ ఆవిడ. నెరిసిన రెండు జడలు, జీన్ ప్యాంటు.

ఆవిడ గొడవకి రాలేదు. గ్రౌండ్‌లో మీ బ్యానర్ చూసి, దాని మీదున్న అడ్రసు పట్టుకుని వచ్చానంది. ఈకల కిరీటం పెట్టుకున్న ఆ పెద్దాయన ముఖం తీసేస్తారా అని నెమ్మదిగా అడిగింది.

ధైర్యానికి గుర్తుగా, గౌరవంతోనే పెట్టుకున్నామన్నాడు దివాకర్.

"ఆయన్ని అడిగారా?"

ఎవర్ని అడగాలో దివాకర్‌కి అర్థం కాలేదు. టోర్నమెంట్ మీటింగ్‌లో ఉన్నామని, ఆలోచిస్తామని చెప్పి తలుపు వేసేశాడు.

పవన్ నవ్వాడు. "ఎవర్ని అడగాలన్నా? ఎనిమిదేళ్ళ కింద నెట్‌లో పాత ఫోటో దొరికితే, చూసి గీసిన. దానికి పేరు గూడ లేదు."

అవినాష్ నవ్వలేదు. ఆ ముఖం జెర్సీల మీదే కాదు, అతని బిర్యానీ డబ్బాల మీదా ఉంది. మూడు ఊళ్ళలో పిల్లలు దాన్ని చూసే అతని హోటల్ గుర్తుపడతారు.

"బ్రాండ్ మారిస్తే నేను స్పాన్సర్ చేయలేను దివాకర్‌గారూ. టోర్నమెంట్ సంగతి మీరే చూసుకోండి."

అప్పటికే ఇరవై నాలుగు టీములు పేర్లిచ్చాయి. దివాకర్ తల పట్టుకున్నాడు.

"నాన్నా," అంది దేదీప్య.

అందరూ మెట్ల వైపు తిరిగారు.

"ఆవిడ మన డోర్‌మ్యాట్ తొక్కలేదు. పక్కన ఎండలో, సిమెంటు మీద నిలబడింది."

ఆ డోర్‌మ్యాట్ అవినాష్ పొద్దున తెచ్చిందే. ఆడడానికి వచ్చే ప్రతి టీముకీ కానుకగా ఇవ్వాలని చేయించాడు. దాని మీదా ఆ ముఖమే. ముగ్గురూ దాని మీదే బూట్లు తుడుచుకుని లోపలికొచ్చారు.

"పోయిన దీపావళికి షాపులో వినాయకుడి డోర్‌మ్యాట్లు అమ్ముతున్నారని పిటిషన్ రాశారు కదా," అంది. "అవినాష్ అంకుల్‌దే మొదటి సంతకం."



త్రివేణి టీ కప్పులు పక్కన పెట్టి బయటికెళ్ళింది. డోర్‌మ్యాట్ దులిపి, చుట్టి, తెచ్చి బల్ల మీద పెట్టింది.

అవినాష్ చుట్ట విప్పి, ఆ ముఖం మీద మిగిలిన మట్టి చేత్తో తుడిచాడు.

"డబ్బాలు దసరాకి ఎలాగూ కొత్తవి వేయించాలి," అన్నాడు. "ముఖం తీసేసి బ్యాట్ పెట్టిద్దాం. పేరు కూడా మార్చేద్దాం."

దివాకర్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడకి చెప్పి రమ్మనగానే దేదీప్య చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

ఆవిడ ఇంకా వెళ్ళలేదు. వీధి మలుపులో తన పికప్ ట్రక్కు తలుపు బార్లా తీసుకుని, నీళ్ళు తాగుతోంది.

దేదీప్య తనకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పింది. టీ తాగి వెళ్ళమని కూడా అడిగింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పక్క రాష్ట్రం ఓక్లహోమా నుంచి వచ్చానని, చీకటి పడేలోపు ఇల్లు చేరాలని చెప్పింది.

దేదీప్యకి ఒక్క ప్రశ్న మిగిలిపోయింది.

"ఆ బొమ్మలో ఆయన పెద్ద యోధుడా అండీ?"

"కాదమ్మా, మా స్కూలు బస్సు నడిపేవాడు. చివరి స్టాపు మాదే, పిల్లలందరూ దిగాక తాతా మనవరాలూ కలిసి ఇంటికెళ్ళేవాళ్ళం," అని ఆవిడ ట్రక్కు తలుపు వేసుకుంది.