గోడమీద కంచాలు

“ఏటే ఇది? పెళ్ళిగోడకి లచ్మీదేవి పాదాలెయ్యమంటే కంచాలేసినావా?” అంది దుర్గాంబ.

“మనింట్లో ఉన్నవే ఏసినాను అత్తా,” అంది కోడలు సూర్యకుమారి, కుంచె దించకుండా.

ఎర్రజాజు పూసిన గోడమీద తెల్లటి బియ్యప్పిండితో మామగారి కంచం, భర్త కంచం, పెళ్ళికొడుకైన మరిది కంచం, పిల్లల కంచాలు వరసగా ఉన్నాయి. వాటికి దూరంగా, గోడ చివర, ఒక సొట్ట కంచం. క్షయ నయమై ఆస్పత్రి నుంచి వచ్చి రెండేళ్ళయినా సూర్యకుమారికి ఆ కంచంలోనే, పశువుల శాలలోనే అన్నం.

“కోటబొమ్మాళి వియ్యాలవారు వచ్చే ఏళయింది. సెరిపెయ్!”

“సెరపను. ఆ సొట్టకంచం ఎవరిదని ఆళ్ళడగాల. మీరే సెప్పాల.”

దుర్గాంబ తడిగుడ్డ తీసుకుని గోడ దగ్గరికి వచ్చింది. కంచాలన్నీ ఒక్కొక్కటే చూసింది.

“మరి నాదేదే?”

ఈ మాట కోసమే సూర్యకుమారి పొద్దున్నుంచీ కాచుకుని ఉంది. “మీకు ఎయ్యలేదు. ఎలేసి దూరం పెడితే ఎలాగుంటాదో మీకూ తెలవాల.”

దుర్గాంబ కోప్పడలేదు.

“సరిగ్గానే ఏసినావు. నాకు కంచమెక్కడిదే? ఈ ఇంటికొచ్చిన కాణ్నుంచి, అందరూ తిన్నాక మిగిలింది గిన్నెలోనే తింటన్నాను.”

అత్త కంచం ముందు కూర్చోవడం తానెప్పుడూ చూడలేదని సూర్యకుమారికి అప్పుడే తట్టింది. చేతిలో కుంచె నుంచి పిండి కారి నేలమీద పడింది.

వాకిట్లో బండి ఆగింది. “దుర్గా, ఎవరొచ్చారో సూడు!” అని మామగారు కేకేశారు.

దుర్గాంబ కదల్లేదు. తడిగుడ్డ భుజాన వేసుకుంది.

“బేగి ఎయ్యి. నీ సొట్టకంచం పక్కన ఓ గిన్నె. ఆళ్ళని అడగనీ. రెండూ ఎవరివో నేనే సెప్తాను.”