చివరి ఎనిమిది సెకన్లు

“ఇదిగో, ఇక్కడ చూడండి ఇబు. ఇరవై రెండో సెకను దగ్గర అందరూ వెళ్లిపోతున్నారు.”

అమ్మా అని పిలిచినట్టు ‘ఇబు’ అంటూ రెత్నో ఫోన్‌ని కస్మినా వైపు తిప్పింది. తెరమీద, వీడియో చూసేవాళ్ల లెక్క చూపే గీత కొంతదూరం తిన్నగా సాగి, ఒక్కసారిగా కిందికి పడిపోయింది. కస్మినా అటు చూడనే లేదు. ఆమె దృష్టంతా వెదురు తడకమీద ఎండుతున్న చేప అప్పడాల మీదే ఉంది.

“అందరూనా?”

“ఒక్కరు తప్ప. ఏ వీడియో చూసినా ఇదే వరస. చివరిదాకా చూసినవాళ్లు ఒక్కరు.”

“ఉన్నారుగా,” అంది కస్మినా. “చాలు.”

ఈవిడకి ఎలా చెప్పాలో రెత్నోకి తోచలేదు. వీడియోల లెక్కలు చూసి అమ్మకాలు పెంచే ఈ పనికోసమే సురబాయా నగరం నుంచి అయిదు గంటలు బస్సులో వచ్చింది. అప్పడాలు చేసే ఈ పన్నెండు మంది ఆడవాళ్ల సంఘం, ఈసారి కూడా అమ్మకాలు పెరక్కపోతే మూసేద్దామనుకుంటోంది. వీడియోల్లో కనిపించేది కస్మినా ఒక్కతే. ఒక్కోటీ ముప్పై సెకన్లు. ఇరవై రెండు సెకన్లపాటు అప్పడం నూనెలో పొంగుతుంది, కరకరలాడుతుంది, చూస్తుంటే నోరూరుతుంది. అక్కడ ఆపేస్తే ఎంత బావుణ్ణు! ఈవిడ ఆపదు. చిల్లుల గరిటె పక్కన పెట్టి, కెమెరాలోకి చూస్తూ మెల్లగా అంటుంది: “తలుపు తీసే ఉంటోంది. నీ మీద నాకు కోపం లేదు. ఇంటికి వచ్చెయ్.”

“చివరిదాకా చూసేవాళ్లుంటేనే యాప్ దాన్ని ఇంకో పదిమందికి చూపిస్తుంది ఇబు. ఆ ఎనిమిది సెకన్లూ తీసేసి మొన్న ఒకటి పెట్టి చూశాను. ఆర్డర్లు నాలుగింతలు వచ్చాయి. పాతవి కూడా తీసేద్దాం. అవి ఉన్నంతకాలం కొత్తవాటినీ కిందికి లాగుతాయి.”

“అప్పడాల ముక్క నీ ఇష్టమొచ్చినట్టు కోసుకో. ఆ మాటల జోలికి మాత్రం రాకు.”

గుమ్మం పక్క బల్లమీద, మూతపెట్టిన గాజుగ్లాసులో చిక్కటి కాఫీ ఉంది. తనకేననుకుని రెత్నో చెయ్యి చాపింది.

“అది కాదమ్మాయ్,” అంది కస్మినా. “నీకు వేరే కలుపుతాను.”

ఆమె లోపలికి వెళ్లగానే, అప్పడాలు కవర్లలో నింపుతున్న ఆమె ఆడబిడ్డ యాత్మి, రెత్నో దగ్గరికి జరిగింది.

“ఆ మాటలు మా పుర్వా కోసం. పద్దెనిమిదేళ్లు వాడికి. నిరుడు పడమటిగాలికి సముద్రం అల్లకల్లోలమయ్యే రోజుల్లో, వేటకి వెళ్లొద్దని మా వదిన మొత్తుకున్నా తండ్రీకొడుకులిద్దరూ వినలేదు. పడవ బోల్తా కొట్టింది. మా అన్న ఒక్కడే ఒడ్డుకి వచ్చాడు. పిల్లాడు దొరకనే లేదు.”

రెత్నో ఫోన్ బోర్లించింది. ఆ ఎనిమిది సెకన్లని ‘అనవసరమైన తోక’ అని నివేదికలో రాసింది తనే.

“ఎక్కడో బతికే ఉన్నాడనుకుంటోంది కాబోలు,” అంది యాత్మి. “చివరిదాకా చూసే ఆ ఒక్కరూ వాడేనని ఆశ. పిచ్చితల్లి. కాదని చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.”

“మరి వాళ్లాయన?”

“మా దర్సోనో అన్నయ్యా? ఆ మాటలు వినలేకే పడవల షెడ్డులో పడుంటున్నాడు. ఈ గడప తొక్కి ఏడాదవుతోంది. అన్నం నేనే పట్టుకెళ్తాను.”

భర్త చెప్తే కస్మినా వింటుందేమోనని, మధ్యాహ్నం నమాజు అయ్యాక రెత్నో షెడ్డుకి వెళ్లింది. పడవ చాటునుంచి నూనె చిటపటలాడిన చప్పుడు వినిపించింది. అక్కడ పొయ్యి లేదు. తర్వాత కస్మినా గొంతు. తలుపు తీసే ఉంటోంది. నీ మీద నాకు కోపం లేదు. మళ్లీ చిటపట. మళ్లీ అదే గొంతు.

అలికిడికి దర్సోనో ఫోన్‌ని వల కింద దాచేశాడు. అప్పటికే ఆలస్యమైంది.

“ఆ ఒక్కరూ మీరేనా బాపక్?” తండ్రి వయసువాళ్లని పిలిచే మాటతోనే అడిగింది రెత్నో.

ఆయన వల ముడి ఒకటి విప్పసాగాడు.

“కోసెయ్యడానికి వచ్చావట. యాత్మి చెప్పింది. కోయొద్దమ్మా. ఎవరూ చూడలేదని తెలిస్తే తను తట్టుకోలేదు. కొడుకే వింటున్నాడనుకోనీ.”

“ఇంటికెళ్లి ఆవిడ పక్కన కూర్చోవచ్చుగా?”

“గాలి సంగతి నాకు తెలుసులే అన్నది నేను. రమ్మని వాణ్ణి లేపింది నేను. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?” వల కింది ఫోన్‌ని చేత్తో తడిమాడు. “తను వాడితో మాట్లాడే ఆ నాలుగు మాటలూ దొంగచాటుగా వింటున్నాను. అదే నాకు ఎక్కువ.”

రెత్నో కళ్లు తుడుచుకుంటూ వెనక్కి నడిచింది. ఇంకొకరైతే ఊరుకునేవాళ్లేమో. ఏ అంకె వెనక ఎవరున్నారో ఉన్నదున్నట్టు చెప్పడమే ఆమె బతుకుతెరువు. లేని కొడుకుని ఆ ‘ఒక్కరు’లో చూసుకుంటూ ఆ తల్లి ఇంకెన్నాళ్లు గడుపుతుంది? చెప్పకపోతే పాపం అనిపించింది, చెప్పినా పాపమే అనిపించింది.

కస్మినా చల్లారిన కాఫీ పారబోసి, అదే గ్లాసులో వేడిది పోస్తోంది.

“ఇబు, నన్ను తిట్టుకోకండి. చివరిదాకా చూసేది పుర్వా కాదు. దర్సోనో బాపక్.”

యాత్మి చేతిలో కవరు ఆగిపోయింది. కస్మినా ఉలిక్కిపడలేదు. గ్లాసుమీద మూతపెట్టి, పడవల షెడ్డు వైపు ఒకసారి చూసి, దాన్ని గుమ్మం పక్క బల్లమీద ఎప్పటి చోటే ఉంచింది.

“ఆ మాటలు ఆయనకే అమ్మాయ్.”